గట్టిగ కొట్టు, కోడలా

నా బట్టలబండ పోయింది. పోతే పోయింది, పీడ వదిలింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా మామ తెచ్చి వేసిన బండ అది. దాని మీద ఎన్ని చీరలు కొట్టానో, ఎన్ని దుప్పట్లు పిండానో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడు పెరట్లో ఆ జాగా బోసిగా ఉంది. బకెట్టు పట్టుకుంటే కాళ్ళు అటే పోతున్నాయి, ఖాళీ నేల చూసి వెనక్కి వస్తున్నాయి. అయినా నేను ఇంత హాయిగా నిద్రపోయి చాలా ఏళ్ళయింది. ఎందుకో చెప్తాను. మధ్యలో అడ్డం తగిలితే మాత్రం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను, ముందే చెప్తున్నా.

మాది కల్వకుర్తి దగ్గర బోడగుట్టపల్లి. ఊరి చివర, గుట్ట కింద బందెలదొడ్డి ఉంది. ఇప్పటి పిల్లలకు ఆ మాటే తెలియదు. ఎవరి పశువైనా ఇంకొకరి చేన్లో పడి మేస్తే తోలుకొచ్చి అందులో పెట్టేవారు. దాన్నే బందె పెట్టడం అంటారు. దండుగ కట్టాకే విడిపించుకుపోవాలి. గుండ్రటి రాతి గోడ దానిది. మట్టి లేదు, సున్నం లేదు, రాయి మీద రాయి కూర్చుంది, అంతే. దొర పట్నం పోయాక దొడ్డిని అడిగే దిక్కు లేకుండా పోయింది. గోడ కూలింది, సర్కారు తుమ్మ మొలిచింది, పాములు చేరాయి. ఊరివాళ్ళు ఊరుకుంటారా, తలా ఒక రాయి మోసుకుపోయారు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు మా హైస్కూలుకు మల్లికార్జున్ అని డ్రాయింగు సారు వచ్చాడు. నారాయణపేట దిక్కు మనిషి. కూలిపోయింది ఏది కనబడినా ఆయనకు ప్రాణం లేచొస్తుంది. ఒకరోజు దొడ్డి చుట్టూ తిరిగి, తుమ్మముళ్ళు గీరుకొని రక్తం కారుతుంటే నవ్వుకుంటూ వచ్చాడు.

"ఇంత అందమైన గోడను ఇట్ల పాడువెట్టుకున్నరు గదమ్మా" అన్నాడు నాతో.

"అందం అన్నం వెడ్తదా సారూ? ముందుగాల ఆ కాలుకు పసుపు వెట్టుకోండ్రి" అన్నాను.

కానీ ఆయన ఊరుకోలేదు. మా సర్పంచు స్వరూప దగ్గరికి పోయి కూర్చున్నాడు. స్వరూప మాట మెత్తన, పట్టు గట్టి. ఇద్దరూ కలిసి ఊరిని పిలిచారు. దొడ్డిని మళ్ళీ కడదాం, పశువులకు కాదు, ఆటపాటలకు అన్నారు. గోడ పొడుగునా పిల్లలు గీసిన బొమ్మలు, మధ్యలో కోలాటం, కథ, డప్పు. ఊరికి ఒక జాగా ఉండాలి, డీజే పెట్టె లేకుండా మనిషి గొంతు వినబడే జాగా అన్నాడు సారు. ఆ మాట నాకు నచ్చింది. ఎందుకు నచ్చిందో తర్వాత చెప్తాను.

ఒకాయన లేచి, "సిమెంటు వెడ్తె గట్టిగుంటది గద?" అన్నాడు. అంతే, బీరన్నకు పూనకం వచ్చినట్టయింది. బీరన్న గొర్లకాపరి. గుట్ట మీద గొర్లకు రాతి దొడ్లు కట్టిన వంశం వాళ్ళది. చెయ్యి మంచిదే, కానీ చెయ్యి కన్నా నోరు ముందు నడుస్తుంది.

"సిమెంటు వెడ్తె రాయికి ఊపిరాడుతదా? గాలి పోయే సందు ఉండాలె, వాన పోయే సందు ఉండాలె. నా చేతిల తాపీ వెట్టిన్రంటె నేను గుట్టెక్కి మల్ల దిగ, నీ యవ్వ!" అన్నాడు. సర్పంచు ముందర ఆ మాట అన్నందుకు నాలుక కరుచుకున్నాడు గానీ, సిమెంటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

పంచాయతీ మైకులో చెప్పించింది స్వరూప. దొడ్డి రాళ్ళు ఎవరింట్లో ఉన్నా తెచ్చి ఇవ్వండి, ఎవరినీ ఏమీ అనం అని. ఇక చూడాలి ఆ సంబడం! కోళ్ళగూడు కింది రాయి ఒకరు తెచ్చారు, బర్రెను కట్టేసే రాయి ఒకరు తెచ్చారు. నర్సింగమ్మ అయితే గడప ముందరి మెట్టు పీకించి పంపింది. తర్వాత ఇంట్లోకి ఎక్కలేక కోడలి భుజం పట్టుకొని, "ఊరికి మేలు చెయ్యవోతె నా మోకాళ్ళు వొయినయి" అని మొత్తుకుంది. ఆదివారం వచ్చిందంటే వాడలన్నీ అక్కడే. ఆడవాళ్ళం వరసగా నిలబడి రాళ్ళు అందించాం. బీరన్న ఒక్కో రాయిని అటు తిప్పి ఇటు తిప్పి, అది ఎటు కూర్చుంటానంటే అటు కూర్చోబెట్టాడు. కదిలితే సందులో చిన్న రాతిముక్క దూర్చాడు. గోడ మనిషెత్తు లేచింది.

ఊరంతా వచ్చింది. మా ఆయన రాలేదు.

మా ఆయన జానయ్య. డప్పు కొడితే ఒకప్పుడు కొల్లాపూర్ దాకా పిలుపులు వచ్చేవి. దరువు మారుస్తుంటే ముసలివాళ్ళు కూడా మంచాల మీద కాళ్ళు ఊపేవారు. డీజేలు వచ్చాయి, పిలుపులు ఆగిపోయాయి. డప్పును మేకుకు తగిలించి మనిషి మూగవాడైపోయాడు. అలాంటి సమయంలో సారు మా ఇంటికి నడిచి వచ్చి, "దొడ్డి తెరిచే రోజు మొదటి డప్పు నీదే మామా" అన్నాడు. పీనుగు ముందర నడవమని కాదు. పెండ్లికొడుకు ముందర ఎగరమని కాదు. మేము కూర్చొని వింటాం, నువ్వు కొట్టు అని పిలుపు. మా వాడలో అలాంటి పిలుపు ఎవరికి వచ్చింది? నా గుండె పొంగిపోయింది. చాయ్‌లో చక్కెర రెండింతలు వేశాను.

ఈయన నేల చూస్తూ, "నాకు రెక్క గుంజుతాంది సారూ. నాతోని కాదు" అన్నాడు.

సారు పోయాక నేను మొదలుపెట్టాను. "రెక్క గుంజుతాందా? పొద్దుందాక గిలాస మీద దరువేస్తవు, గప్పుడు గుంజదా?"

"నన్ను సతాయించకే."

"సతాయిస్త. పిలిచి పీట ఏస్తాంటె ఎందుకు పోవో చెప్పు."

తువ్వాల భుజాన వేసుకొని బయటికి పోయాడు. ఆ పోవడం కూడా దొడ్డి వైపు నుంచి కాదు, చుట్టు తిరిగి చెరువు కట్ట మీద నుంచి. ఆయన ఎప్పుడూ అంతే, చేనికి పోయినా చుట్టు తిరిగే పోతాడు. పాములంటే భయం అనుకునేదాన్ని.

మా మధ్య మాటలు బందైపోయాయి. గిన్నెలు మాట్లాడుకున్నాయి. కోపం కన్నా నాకు భయం ఎక్కువ. ఈసారి దించకపోతే ఆ డప్పు ఇక మేకు మీదనే చస్తుంది, ఈయన దాని కింద మంచంలో చస్తాడు. కాముని పున్నమికి ముందరి ఆదివారం దొడ్డి తెరవాలని ఖాయం చేశారు. అప్పటిలోగా ఈ మనిషి మనసు మారాలి. మైసమ్మకు మొక్కాను, ఈయనను తిట్టాను, రెండూ మానలేదు.

ఈలోగా దొడ్డి పని దర్వాజ దగ్గరికి వచ్చి ఆగింది. దర్వాజ అంటే తలుపు కాదు. రెండు పక్కలా రెండు రాతి కడీలు నిలబెట్టి, వాటికున్న గుంతల్లో అడ్డకట్టెలు దూర్చేవారట. ఒక కడీ నిలబడే ఉంది. దాని జత లేదు. మైకులో మళ్ళీ చెప్పించారు. ఎవరూ తేలేదు. బీరన్న ఇల్లిల్లూ తిరిగాడు. "జత లేకుంటె అది దొడ్డే కాదు" అని నెత్తి పట్టుకున్నాడు.

నాకు నోరు ఆగుతుందా? పదిమందిలో నిలబడి చేతులు తిప్పుతూ అన్నాను. "ఎవడెత్కపోయిండో ఆని చేతులిరుగ! ఆని ఇంట్ల పీనుగెల్ల! ఊరి సొమ్ము ఆనికి అరుగుతదా?"

మర్నాడు బీరన్న నీళ్ళు తాగిపోదామని మా పెరట్లోకి వచ్చాడు. నేను బట్టలు పిండుతున్నాను. నా బండ ఒకవైపు కొంచెం ఊగేది. మొదటి నుంచీ ఊగేది, నాకు అలవాటైపోయింది. రాతిపని చేసేవాడికి ఊగే రాయి కనబడితే చెయ్యి ఊరుకోదు కాబోలు. చెంబు కింద పెట్టి, "జర జరుగు అక్కా, గింత రాతిముక్క జొప్పిస్త" అని అంచు కింద చెయ్యి పెట్టి ఎత్తబోయాడు. ఎత్తబోయి అలాగే ఉండిపోయాడు.

"తేలు గుట్టిందా ఏంది?" అన్నాను.

"లేదక్కా. నా వేళ్ళు గుంతల వొయినయి."

గడ్డపార పెట్టి తిప్పాం. అడుగు వైపు గుంతలు, వరసగా, మట్టితో నిండిపోయి. దొడ్డి దగ్గర నిలబడ్డ కడీకి ఎలా ఉన్నాయో అచ్చం అలాగే. బీరన్న నన్ను చూశాడు, నేను బీరన్నను చూశాను. నిన్న నేను పెట్టిన శాపనార్థాలు ఇద్దరికీ గుర్తొచ్చాయి.

"సంకల పిల్లను వెట్టుకొని ఊరంత ఎతికినట్టు ఉంది గద అక్కా" అన్నాడు, నవ్వాలో వద్దో తెలియక.

అప్పుడు వెనక నుంచి మా ఆయన గొంతు వినబడింది. "గది బాపు తెచ్చిండు." ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో. "దొంగతనం కాదు. కావాలని తెచ్చిండు."

మెట్టు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నాకు చెప్పని ముచ్చట ఆ పొద్దు చెప్పాడు.

"నేను పోరగాన్ని గప్పుడు. పక్కూర్ల మా మేనత్త కొడుకు పెండ్లి. బాపు డప్పు తీస్కొని పోయిండు. గదే దినం దొరింట్ల దావతు. పిలిస్తె బాపు లేడు. తెల్లారి ఊర్లకు రాంగనే పట్టుకపోయి గా దొడ్ల దోలిన్రు, బర్రెల నడుమ. అడ్డకట్టెలు వెట్టిన్రు. దొర మనిషి ఒకడు బయట నిలవడి, 'డప్పంటె మోజు గద, కొట్టు, బర్రెలు ఇంటయి' అన్నడు. పొద్దుగూకే దాక కొట్టిచ్చిన్రు. చెయ్యి ఆపితె రాయి ఇసిరిన్రు. నేను గోడ సందులకెల్లి చూసిన. బాపు నన్ను చూసి ముఖం అటు తిప్పుకున్నడు."

బీరన్న తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బయటికొచ్చినంక ఒక్కటే అన్నడు నాతోని. నువ్వు దాంట్ల కాలు వెట్టకు బిడ్డా అని. దొర పట్నం పోయినంక, ఒకనాడు గడ్డపార తీస్కపోయి గీ కడీ పెకిలించి బండి మీద ఏస్కొచ్చిండు. జత లేకుంటె కట్టె నిలవదు. ఇగ ఎవన్నీ దాంట్ల వెట్టరాదు అన్నడు. తెచ్చి నీకు బండ ఏసిండు."

నాకు అప్పుడు గుర్తొచ్చింది. మా మామ! నేను బట్టలు ఉతుకుతుంటే కుక్కిమంచం పెరటి వైపు లాక్కొని కూర్చునేవాడు. చేతిలో చుట్ట, మొహంలో ఏదో సంబరం. "గట్టిగ కొట్టు, కోడలా! ఇంకా గట్టిగ!" అనేవాడు. ముసలోడికి పని లేదు, చీరలు చినిగితే ఈయన కొనిస్తాడా అని గొణుక్కునేదాన్ని. నేను దేన్ని కొడుతున్నానో ఆయనకు తెలుసు. నాకు తెలియదు. తెలిసుంటే ఇంకా గట్టిగా కొట్టేదాన్ని కదా మామా! కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. బీరన్న ముందర సిగ్గు కూడా అనిపించలేదు.

సాయంత్రానికి స్వరూప, సారు వచ్చారు. బీరన్న నోరు కదా, చెప్పకుండా ఉంటాడా. స్వరూప వచ్చి నా పక్కన నేల మీదే కూర్చుంది. "పెద్దమ్మా, గా రాయి మాకద్దు. మీ మామది, మీ ఇంట్లనే ఉండనీ" అంది. సారు మొహం మాడిపోయి ఉంది. "మాకు తెల్వదు మామా. నీకు కష్టమనిపిస్తె మొత్తం పనే ఆపుదం" అన్నాడు.

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. "ఆపుడేంది సారూ? ఊరంత చేతులు పలగ్గొట్టుకున్నంకనా? నర్సింగమ్మ మోకాళ్ళు వొయినంకనా? గా రాయి మాత్రం నేనియ్య. మా మామ నాకిచ్చిండు."

"ఇస్తం" అన్నాడు మా ఆయన.

అందరం ఆయన వైపు తిరిగాం.

"ఇస్తం గని నిలవెట్టద్దు. పండవెట్టాలె. దొడ్డి నట్టనడుమ. గుంతలు కిందికి, మట్టిలకు."

బీరన్న తల గోక్కున్నాడు. "మరి దర్వాజ?"

"దర్వాజ ఎందుకు? తెరిచే ఉండనీ."

బీరన్న కాసేపు లెక్కలు వేసుకొని, "సరే అన్నా. రెండో కడీ గూడ తీసేస్త. రెండు దిక్కుల గోడ కొసలను గుండ్రంగ మలుపుత, ఎవని భుజం గూడ తాకది" అన్నాడు. స్వరూప చల్లగా ఊపిరి వదిలింది. నలుగురు మనుషులు మోకులు కట్టి, నా బండను నా పెరట్లోంచి మోసుకుపోయారు. సబ్బు మరకలతోనే పోయింది.

ఇదంతా అయింది గానీ, తాను వచ్చి కొడతానని మాత్రం ఆయన అనలేదు. నేనూ అడగలేదు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాను. ఎంత కష్టమో నాకే తెలుసు.

ఆ ఆదివారం రానే వచ్చింది. ఎండ దిగుతుండగా ఊరంతా దొడ్డి దగ్గర చేరింది. రాళ్ళ సందుల్లో పుల్లలు దూర్చి పిల్లల బొమ్మలు తగిలించాడు సారు. గొర్రెలు, ట్రాక్టర్లు, బతుకమ్మలు, ఎవరో మా మొహాలు కూడా గీశారు, నన్ను నోరు తెరిచినట్టే గీశారు. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లారు. నట్టనడుమ నా బండ, కడిగి, అంచున పసుపు రాసి.

నేను ఇంట్లోంచి బయలుదేరే ముందు మేకు వైపు చూశాను. డప్పు లేదు. ఉరికినట్టే వచ్చాను. ఈయన దొడ్డి బయట, గడ్డి మంట వేసి డప్పు కాచుతున్నాడు. వేలితో తట్టి చూస్తున్నాడు, మళ్ళీ కాచుతున్నాడు. ఎప్పటికీ కాచుతూనే ఉన్నాడు. గడ్డి అయిపోయింది. లేచాడు. దర్వాజ ఉండాల్సిన జాగా దాకా వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు.

లోపల అందరూ చూస్తున్నారు. ఒక కాలు ముందుకు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. మొహం చిన్నపిల్లవాడి మొహంలా అయిపోయింది. గోడ సందులోంచి చూసిన మొహం అదే కావచ్చు. సారు లేచి రాబోతే స్వరూప చెయ్యి పట్టుకొని ఆపింది. నాకు లోపల ఒకటే మాట, పోతాడు, వెనక్కి పోతాడు, ఇక ఎప్పటికీ రాడు.

ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. ఆయన భుజం మీది తువ్వాల గుంజుకున్నాను. నీళ్ళ బకెట్టులో ముంచాను. పైట నడుముకు చెక్కి, నేరుగా నడుమకు పోయి, తువ్వాల తల మీదికెత్తి నా బండ మీద ఒక్క దెబ్బ కొట్టాను.

ధప్పుమని మోగింది. పెరట్లో ఎన్నడూ అట్లా మోగలేదు. గుండ్రటి గోడ ఆ చప్పుడును పట్టుకొని తిప్పి మా మీదికే వదిలింది. మళ్ళీ కొట్టాను. నీళ్ళు ముందు వరస వాళ్ళ మొహాల మీద పడ్డాయి. మళ్ళీ కొట్టాను. నర్సింగమ్మ, "దీనికి పిచ్చి లేసింది" అంది. లేవనీ.

అప్పుడు దర్వాజ దగ్గరి నుంచి వినబడింది, అచ్చం మా మామ గొంతు.

"గట్టిగ కొట్టు, కోడలా!"

తిరిగి చూస్తే మా ఆయన. కళ్ళ నిండా నీళ్ళు, నోటి నిండా నవ్వు. నేను కొట్టాను. నా దెబ్బకు డప్పు జవాబు చెప్పింది. నేను ఒకటి కొడితే ఆయన రెండు, నేను రెండు కొడితే ఆయన దరువు. కొడుతూ కొడుతూ కాలు లోపల పెట్టాడు. పెట్టానని ఆయనకే తెలిసిందో లేదో. నడుచుకుంటూ వచ్చి నా బండ ఎక్కి నిలబడ్డాడు. ఇక నేను పక్కకు తప్పుకున్నాను, నా పని అయిపోయింది. హమ్మయ్య అని గట్టిగానే అన్నాను, డప్పులో ఎవరికీ వినబడలేదు.

ఆ దరువులు ఎలా ఉన్నాయని అడగకండి, నాకు చెప్పరాదు. బీరన్న ఎగిరాడు, సర్పంచు ఎగిరింది, సారు ఎగరడం రాక చేతులు ఊపాడు. నడుమ ఒకసారి మా ఆయన చెయ్యి ఆపాడు. లోపల జాగా లేక కొందరు బయట నిలబడి గోడ సందుల్లోంచి చూస్తున్నారు. వాళ్ళ కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

"సందులకెల్లి చూసుడేంది?" అని అరిచాడు. "లోపలికి రాండ్రి. జరుగుండ్రి, జాగ ఇయ్యిండ్రి. అందరు లోపలికి రావాలె."

అందరూ వచ్చేదాకా కర్ర ఎత్తలేదు. తర్వాత ఎత్తాడు.

పొద్దు గుట్ట వెనక్కి పోతుండగా జనం పలచబడ్డారు. సారు బొమ్మలు విప్పి జాగ్రత్తగా చుడుతున్నాడు. ఇంటికి పోదామని మా ఆయన కోసం చూశాను. దర్వాజ జాగాలో ఉన్నాడు. డప్పు చంకలో పెట్టుకొని లోపలికి వచ్చాడు. ఉత్తగనే బయటికి పోయాడు. మళ్ళీ లోపలికి వచ్చాడు. మళ్ళీ బయటికి పోయాడు. ఎవరూ ఆపడం లేదు, ఎవరూ పిలవడం లేదు.

"ఏందయ్యా, ఏం చేస్తున్నవ్?" అన్నాను.

"ఏం లేదే. పోయొస్తున్న" అన్నాడు.

నేను తడి తువ్వాల పిండి భుజాన వేసుకొని, ఆయనకు సరిపోయేంత వరకు అక్కడే కూర్చున్నాను.